కండ్లు పెట్టే గోవిందప్ప

“అవి మా నాయన కండ్లు గావంటే గావు. తీసెయ్యమని చెప్పు ఆ మనిషికి.”

“గాకపోతే ముప్పై ఏండ్లు నేను ఎవురి కండ్లకు భయపడి బతికితిని రా?”

“అమ్మా, గమ్మునుండు. బజార్లో ఉండాం.”

“బజారుకు పిలుచుకోనొచ్చింది నువ్వే. నేను ఆ పటానికి దండేసుకోని ఇంట్లో కూర్చోనుండేదాన్ని.”

ఈ మాటలన్నీ గోవిందప్పకు డార్క్‌రూం తలుపు వెనక నుంచి వినబడుతున్నాయి. ఎర్ర బల్బు వెలుగులో, మందునీళ్ళ పళ్ళెంలో కాగితం మునిగి ఉంది. దాని మీద ఎవరో పెళ్ళికూతురి ముఖం అప్పుడప్పుడే తేలుతోంది. ఇప్పుడు తలుపు తెరిస్తే వెలుతురు పడి కాగితం నల్లబడిపోతుంది. అదే సాకుగా పెట్టుకుని ఆయన లోపలే ఉండిపోయాడు. నిజానికి ఒక కాగితం పోతే కొంపేమీ మునగదు. గోవిందప్ప పిరికివాడు. ఈ సంగతి ముందే చెప్పేయడం మేలు. తర్వాత తెలిస్తే, ఆయన మీద జాలిపడినవాళ్ళకు కోపం వస్తుంది.

అది పుంగనూరు బజారులో ఒక ఇరుకు స్టూడియో. సంవత్సరం తొంభై మూడు. బయట పోట్లాడుకుంటున్నది తల్లీ కొడుకులు. ఆమె పేరు రెడ్డెమ్మ. సదుం దగ్గర పల్లెలో ఇరవై ఎకరాల ఆసామి చెంగల్రాయుడి భార్య. కొడుకు జయచంద్ర. చెంగల్రాయుడు పోయి పదిహేను రోజులయింది. ఆయన పటం ఇప్పుడు వాళ్ళిద్దరి మధ్య బల్ల మీద ఉంది. పటంలో ఆయన కళ్ళు తెరిచి చూస్తున్నాడు. గొడవంతా ఆ కళ్ళ గురించే.

చెంగల్రాయుడు బతికినన్నాళ్ళూ కెమెరా ముందు నిలబడలేదు. ఫోటో తీయించుకుంటే ఆయుస్సు తరిగిపోతుందని ఆయన నమ్మకం. కొడుకు పెళ్ళిలో కూడా కెమెరా తనవైపు తిరిగితే కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అంత జాగ్రత్తగా ఉండీ అరవై రెండేళ్ళకే పోయాడు. ఆ చుట్టుపక్కల అలాంటివాళ్ళు చాలామంది. కానీ మనిషి పోయాక ఇంట్లోవాళ్ళకు పటం కావాలి. పదకొండో రోజుకు గోడ మీద పటం లేకపోతే చుట్టాలు మాట అంటారు. కళ్ళు మూసుకున్న పటం ఇంట్లో పెట్టకూడదు. అందుకని పుంగనూరు నుంచి గోవిందప్పను పిలిపిస్తారు.

శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకో తుండు, నుదుటికో తుండు కట్టి, పూలదండలతో ఆ కట్లు కప్పేసి ఫోటో తీస్తారు. మిగతా ఫోటోగ్రాఫర్లు ప్రింటు మీద కుంచెతో రెండు కళ్ళు గీసి ఇచ్చేసేవాళ్ళు. అవి బొమ్మ కళ్ళు. పటంలో మనిషి పీడకల నుంచి ఉలిక్కిపడి లేచినట్టుండేవాడు. గోవిందప్ప పద్ధతి వేరు. పోయినవాళ్ళ పిల్లల్లోనో తోడబుట్టినవాళ్ళలోనో ఎవరి కళ్ళు ఆ ముఖానికి కలుస్తాయో వెతుకుతాడు. ఆ మనిషిని అదే గోడకు, అదే వెలుతురులో, తల అంతే వంచి నిలబెట్టి ఫోటో తీస్తాడు. ఆ కళ్ళను సరిపోయే కొలతలో ప్రింటు వేసి, బ్లేడుతో కోసి, అంచుల్ని వెనక నుంచి గరుకు కాగితంతో రుద్ది పల్చన చేసి, శవం కళ్ళ మీద అతికిస్తాడు. అతుకు దగ్గర సన్న పెన్సిలుతో నీడ కలుపుతాడు. తర్వాత దాన్నంతా మళ్ళీ ఫోటో తీసి కొత్త నెగెటివు చేస్తాడు. ఇంక ఎవరు భూతద్దం పెట్టి చూసినా అతుకు దొరకదు. కండ్లు పెట్టే గోవిందప్ప అన్న పేరు ఆయనకు అట్లా వచ్చింది.

చెంగల్రాయుడి ఇంటికి వెళ్ళిన రోజు కూడా ముందు కొడుకులిద్దరినీ చూశాడు. ఇద్దరివీ తల్లి కళ్ళే, గుండ్రంగా ఉన్నాయి. శవం రెప్ప వేలితో ఎత్తి చూస్తే పొడుగాటి కళ్ళు, కిందికి వాలిన కొనలు, ఎడమ రెప్ప మీద రెండు మడతలు. ఏం చేయాలా అని వాకిట్లో చుట్టూ చూశాడు. అందరికీ వెనకగా, గొర్రెలు మేపుకునే సిద్దమ్మ నిలబడి ఉంది. పక్కన ఆమె కూతురు, తొమ్మిదేళ్ళ యమున. ఆ పిల్ల కళ్ళు చూశాక గోవిందప్పకు ఇంకేమీ కనబడలేదు. పొడుగు, వాలు, రెండు మడతలు, అన్నీ ఉన్నాయి. పని కుదిరిన సంతోషంలో అవి ఎందుకు కుదిరాయని ఆలోచించలేదు. తల్లిని అడగనూ లేదు. “ఇట్ల రామ్మా, ఈ గోడకు నిలబడు” అని పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తీసేశాడు. ఆ ఏడుపుల్లో ఎవరూ పట్టించుకోలేదు.

పదకొండో రోజు పటం చూసి రెడ్డెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చుట్టాలు పటం ముందు గొంతు తగ్గించి మాట్లాడారు. అంత బాగా కుదిరింది. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. ఆ సాయంత్రం బస్సు కోసం సదుం టీ అంగట్లో కూర్చున్నప్పుడు ఎవరో కదిపారు.

“ఏమప్పా గోవిందప్పా, పటంలో మనిషి ఇప్పుడో ఇంకాసేపటికో బీడీ అడిగేట్లుండాడే. యాడ తెస్తివి ఆ కండ్లు?”

పనివాడికి పొగడ్త కల్లు కన్నా త్వరగా ఎక్కుతుంది. “యాడనుంచో యాల తెస్తాను? గొర్లు మేపే సిద్దమ్మ కూతురివి. అచ్చు గుద్దినట్లు సరిపోయె” అన్నాడు.

అంగట్లో మాటలు ఆగిపోయాయి. అప్పుడు తెలిసింది ఆయనకు తానేమన్నాడో. సిద్దమ్మ మొగుడు పాము కరిచి చచ్చిపోయిన రెండేళ్ళకు యమున పుట్టింది. ఆ లెక్క ఊళ్ళో అందరి దగ్గరా ఉంది. ఎవరూ పైకి అనలేదు, అంతే. ఇప్పుడు చెంగల్రాయుడి సొంత గోడ మీద నుంచి చెంగల్రాయుడే చెబుతున్నట్టయింది.

గోవిందప్ప డార్క్‌రూం నుంచి బయటికి వచ్చేసరికి జయచంద్ర పటాన్ని బోర్లా తిప్పి పెట్టి ఉన్నాడు.

“వచ్చినావా. అవి పీకి నా కండ్లు పెట్టు. పెద్దకొడుకును నేను.”

“నీవి మీ యమ్మ కండ్లప్పా. ఆ ముఖానికి కూర్చోవు.”

“కూర్చోబెట్టు. లేకుంటే ఈ అంగట్లో నువ్వు కూర్చోవు. బిల్డింగు మా బామ్మర్దిదని తెలుసు గదా నీకు. ఇంగోటి విను. ఆదివారం బడికాడ పెద్దమనుషులు కూర్చుంటాండారు. వచ్చి చెప్పాల, ఆ కండ్లు యాడివో పాత ఫోటోలోవని.”

రెడ్డెమ్మ పటాన్ని మళ్ళీ పైకి తిప్పింది. కొడుకు వైపు చూడకుండా గోవిందప్పతో అంది: “తప్పు చేసినాయన పొయ్యినాడు. నేను తెలిసీ గమ్మునుంటి. నువ్వు తెలీక చేస్తివి. ఇప్పుడు తెలిసి అబద్ధం చెప్పొద్దు నాయనా.”

శనివారం సిద్దమ్మ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“అన్నా, నా బిడ్డ కండ్లు కోసినావంట.”

“తప్పయిపొయ్యిందమ్మా. నిన్ను అడగాల్సింది.”

“అడిగింటే వద్దందును. ఇంగ అయిపొయ్యిందానికి ఏమి. నేను భూమి అడగను, బంగారం అడగను. బళ్ళో నా బిడ్డ తండ్రి పేరు కాడ అయ్యోరు గీత గీసి పెట్టినాడు. ఆ గీతను సూసి పిల్లోళ్ళు నవ్వుతారు. నేను నోరు తెరిస్తే నన్నే అంటారని తొమ్మిదేండ్లు తెరవలే. నువ్వయితే ఫోటోలాయప్పవు. నీకు ఆ ఊర్లో చుట్టమా పక్కమా? రేపు సూసింది సూసినట్లు చెప్పు. సాలు.”

“చెప్తానమ్మా” అన్నాడు గోవిందప్ప.

అన్నప్పుడు నిజంగానే అన్నాడు. తర్వాతి రోజు బడి వరండాలో పది మంది కూర్చుని ఉన్నారు. జయచంద్ర బామ్మర్ది కూడా వచ్చి, ఏమీ మాట్లాడకుండా తాళంచెవుల గుత్తి తిప్పుకుంటూ నిలబడ్డాడు. స్తంభం పక్కన సిద్దమ్మ, కూతురు చెయ్యి పట్టుకుని ఉంది. గోవిందప్ప ఆ తాళంచెవుల వైపు ఒకసారి చూసి, చెప్పాల్సింది చెప్పాడు.

“అవి నా కాడుండే పాత ఫోటోలో కండ్లు. ఎవురివో గుర్తులేదు. టీ అంగట్లో ఊరికే నవ్వులాటకు ఆ పాప పేరు చెప్పినా.”

“నవ్వులాటకు ఆడబిడ్డ పేరు చెప్తారాప్పా?” అని ఒక ముసలాయన కసిరాడు. మిగతావాళ్ళు నవ్వారు. ఒక బీడీ కాలేంతలో పంచాయితీ అయిపోయింది. సిద్దమ్మ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. కూతురి తల తన నడుముకు ఆనించుకుని, ఎవరికీ దారి ఇమ్మని చెప్పకుండా మనుషుల మధ్యలో నుంచి నడిచి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఇంట్లో భార్య మునెమ్మ సంగటి పెట్టి ఎదురుగా కూర్చుంది. “అతికిచ్చిన కండ్లతో నిజం చెప్తివి. సొంత నోటితో అబద్ధం చెప్పొస్తివి” అంది.  

జయచంద్ర కళ్ళు పెట్టిన పటం తయారైంది. అందులో చెంగల్రాయుడు వేరే ఎవరిదో చొక్కా పొరపాటున వేసుకున్నవాడిలా ఉన్నాడు. రెడ్డెమ్మ ఆ పటానికి ఒక్కరోజూ దీపం పెట్టలేదని తర్వాత తెలిసింది. కోతలైన మళ్ళలోకి సిద్దమ్మ గొర్రెల్ని రానివ్వడం మానేశారు. రెండు నెలల్లో మంద అమ్మేసి బిడ్డను తీసుకుని కుప్పం పక్కకు పోయిందన్నారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. గోవిందప్ప కూడా అడగలేదు.

ఏ అంగడి కోసం అబద్ధం చెప్పాడో ఆ అంగడీ నిలబడలేదు. పోయినవాళ్ళ ఫోటోలకు పిలవడం జనం మానుకున్నారు. ధర్మం తప్పాడని కాదు. ఈయన వచ్చి ఎవరి కళ్ళు ఎవరి ముఖంలో బయటపెడతాడోనని భయం. ఆ లోగా కలర్ ల్యాబులు వచ్చాయి, ఇంటింటికీ చిన్న కెమెరాలు వచ్చాయి. తొంభై ఆరులో తాళంచెవులు తిరిగి ఇచ్చేసి, మునెమ్మతో మదనపల్లె చేరాడు.

మదనపల్లెలో కుప్పుస్వామి అనే ఆయనకు బ్యానర్లు గీసే షెడ్డు ఉండేది. సినిమా బ్యానర్లు, ఎన్నికల కటౌట్లు, ప్రారంభోత్సవాల బోర్డులు. రంగులు కలపడంలో కుప్పుస్వామికి తిరుగులేదు గానీ ముఖాలు కలిసేవి కావు. గోవిందప్ప పనికోసం వెళ్ళిన రోజున ఆయన ఒక నాయకుడి ముఖం ముందు చేతులు నడుముకు పెట్టుకుని నిలబడి, మీసం మూడోసారి చెరిపేస్తున్నాడు.

“మీసం గాదు స్వామీ తప్పు” అన్నాడు గోవిందప్ప. “ఫోటోలో వెలుతురు కుడిపక్క నుంచి వస్తాండాది. నువ్వు ముక్కు కింద నీడ రెండు పక్కలా పెట్టినావు. అందుకే మనిషి మారిపొయ్యినాడు.”

“నీకు గీసేది వస్తాదా?”

“రాదు. సూసేది వస్తాది.”

కుప్పుస్వామి కుంచెను ఆయన చేతికిచ్చి, ఆ నీడ నువ్వే పెట్టు అన్నాడు. పెడితే నాయకుడు నాయకుడయ్యాడు. ఫోటో తీసేవాడి విద్య బొత్తాం నొక్కడంలో లేదు. బొత్తాం కోతి కూడా నొక్కుతుంది. వెలుతురు ఎటు నుంచి పడుతోంది, ముఖంలో ఏ గుంట ఎంత నల్లగా ఉంది, ఆ మనిషి దేనివల్ల ఆ మనిషి అయ్యాడు, ఇవి చూడగలగడంలో ఉంది. కెమెరా అమ్మేసినా అది పోలేదు. ఆరేళ్ళు గోవిందప్ప ఆ విద్యతోనే బతికాడు. ఫోటో మీద గళ్ళు గీసుకుని, ఇరవై అడుగుల గుడ్డ మీద అవే గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఎంత వెలుగో ఎంత నీడో నింపేవాడు. బ్యానర్లు లేని నెలల్లో నీరుగట్టువారిపల్లె మగ్గాలవాళ్ళకు పట్టుచీరల అంచు డిజైన్లు గళ్ళ కాగితం మీద దింపి ఇచ్చేవాడు. నెమలి మెడ తిరిగే చోట ఏ చిన్న గడి నల్లగా ఉండాలో కళ్ళు చికిలించి చెప్పేవాడు. యాడ నేర్చుకుంటివి అని అడిగితే, “ఫోటోలు కడిగేతప్పుడు” అనేవాడు. వాళ్ళు నమ్మేవాళ్ళు కాదు.

ఎక్కడికి వెళ్ళినా పని దొరికింది. పని బాగా చేసిన రోజున మాత్రం ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఎవరైనా ‘అచ్చు గుద్దినట్లుంది’ అంటే లేచి వెళ్ళిపోయేవాడు.

రెండువేల రెండులో మదనపల్లెకు ఫ్లెక్సీ మిషను వచ్చింది. నాలుగు రోజులు గీసే ముఖాన్ని అది గంటలో కక్కేసింది. నీడలు తప్పు పోలేదు. కుప్పుస్వామి కుంచెలన్నీ కిరసనాయిలులో కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి, కూతురి దగ్గరికి వేలూరు వెళ్ళిపోయాడు. ఆ ఏడే మునెమ్మ చక్కెర జబ్బుతో పోయింది. ఒంటిమనిషిగా గోవిందప్ప కుప్పం బస్సెక్కాడు. కుప్పమే ఎందుకంటే అక్కడ గ్రానైటు పని ఉందని విన్నాడు. సిద్దమ్మ అటే పోయిందని కూడా ఒకప్పుడు విన్నాడు. ఈ రెండో సంగతి తనకు తాను కూడా చెప్పుకోలేదు.

కుప్పం బయట ఆయన చేరిన గ్రానైటు యార్డులో విదేశాలకు పంపే సమాధి రాళ్ళు చేసేవాళ్ళు. అద్దంలా పాలిష్ పట్టిన నల్లరాయి. దాని మీద పోయినవాళ్ళ ముఖం చెక్కాలి. సన్న ఉలి మొనతో రాతి మీద ఒక్కో చుక్క కొట్టుకుంటూ పోతే, చుక్క పడిన చోట తెల్లబడుతుంది. చుక్కలు దగ్గరైతే వెలుగు, దూరమైతే నీడ. కాగితం మీద నల్లదనం పెడతాం, రాతి మీద తెల్లదనం పెట్టాలి, అంతా తిరగేసి ఆలోచించాలి. చాలామంది అక్కడే తికమక పడేవాళ్ళు. ఇరవై ఏళ్ళు నెగెటివులు చూసిన గోవిందప్పకు అది పుట్టినూరిలా ఉంది. వారంలో ఆయన్ను ముఖాల పనికి పెట్టారు. అక్కడికి వచ్చే ఫోటోల్లో మనుషులందరూ కళ్ళు తెరిచి, నవ్వుతూ, కుక్కపిల్లల్ని ఎత్తుకుని ఉండేవాళ్ళు. ఎవరికీ ఎవరి కళ్ళూ తేవాల్సిన పనిలేదు. పదేళ్ళలో మొదటిసారి ఆయనకు కాస్త ఊపిరాడింది.

ఆ ఫోటోలను కంప్యూటరులో పెద్దవి చేసి ఇచ్చే పని హరీష్‌ది. మదనపల్లెలో డిగ్రీ రెండో సంవత్సరంలో లెక్చరర్‌తో తగాదా పడి, పుస్తకాలు హాస్టలు గదిలోనే వదిలేసి వచ్చినవాడు. ఇరవై రెండేళ్ళు. ఒక చోట పది నిమిషాలు కూర్చోలేడు. నోటికీ మనసుకూ మధ్య తలుపు లేదు.

“మామా, నా మిషను ఒక నిమిషంలో చేసేదాన్ని నువ్వు వారం కొడతాండావు” అని మొదటి నెలంతా ఎగతాళి చేశాడు.

“ఈ దొర ఫోటోలో తల వంకరుందని నువ్వు నిలబెట్టేస్తివే. యాల?” అని ఒక రోజు గోవిందప్ప అడిగాడు.

“వంకరుంటే బాగుండదు గదా.”

“సూడు, కుడిచెవి ముందుకు పెట్టుకోని కూర్చోనుండాడు. ఎడమ చెవి వినబడదు ఆయప్పకు. బతికినన్నాళ్ళూ పెండ్లాం మాటకు అట్లనే తిరిగింటాడు. నువ్వు నిలబెట్టేస్తే ఆ యమ్మ సమాధి కాడికొచ్చి ఎవురితో మాట్లాడాల?”

హరీష్ ఫోటోను రెండు నిమిషాలు చూసి, తలను మళ్ళీ వంకర చేశాడు. ఆ తర్వాత ఏ ఫోటో వచ్చినా గోవిందప్పకు చూపించకుండా ముట్టుకోలేదు. ఏ కాలేజీ కూడా వాడిని అంతసేపు కూర్చోబెట్టలేదు.

రెండువేల ఐదు వేసవిలో పాలిష్ పనికి కొత్తగా ఆడవాళ్ళు వచ్చారు. రాతి పొడి లోపలికి పోకుండా వాళ్ళు ముక్కుకూ నోటికీ తుండు బిగించి కట్టుకుంటారు. పొద్దున్నే వరసగా నడిచి వస్తుంటే ముఖాలేవీ తెలియవు, కళ్ళు మాత్రమే కనబడతాయి. గోవిందప్ప పని మీద నుంచి ఊరికే తలెత్తి చూశాడు. ఆ వరసలో మూడో అమ్మాయి. పొడుగాటి కళ్ళు, కిందికి వాలిన కొనలు, ఎడమ రెప్ప మీద రెండు మడతలు.

ఆయన చేతిలో మొన జారింది. చెక్కుతున్న ముసలామె బుగ్గ మీద చుక్క పడింది. కాగితమైతే పెన్సిలుతో కప్పేవాడు. రాతి మీద పడింది పోదు. మేస్త్రీ వచ్చి తిట్టిపోయాడు. ఆ తిట్లు ఆయనకు వినబడినట్టు లేదు.

మధ్యాహ్నం నీళ్ళ డ్రమ్ము దగ్గర అడిగాడు. “పేరేంది తల్లీ?”

“యమున తాతా.”

“ఏ ఊరు?”

“శాంతిపురం. ముందు సదుం పక్కంట. నేను చిన్నప్పుడే వచ్చేస్తిమి.”

ఆమె గుర్తు పట్టలేదు. ఎట్లా పడుతుంది, తొమ్మిదేళ్ళ పిల్ల, ఒక నిమిషం సేపు గోడకు నిలబెట్టిన మనిషిని. గోవిందప్ప నీళ్ళు తాగకుండానే లోటా అక్కడే దించేసి వెళ్ళిపోయాడు.

తర్వాతి వారం పనివాళ్ళందరికీ గుర్తింపు కార్డులు చేయాలన్నారు. అన్నాల వేళకు హరీష్ కాగితాలు పట్టుకుని వరసగా అడుగుతున్నాడు. గోవిందప్ప కాస్త దూరంలో రాతిదిమ్మె మీద కూర్చుని ముద్ద కలుపుకుంటున్నాడు.

“తండ్రి పేరు?”

“గీత పెట్టెయ్ అన్నా. అందురూ అదే పెడతారు” అంది యమున, నవ్వుతూనే.

“ఫోటో తెచ్చినావా?”

“నువ్వే తియ్యి. మా యమ్మకు మాత్రం చెప్పొద్దు. ఫోటోలంటే పడదు ఆయమ్మకు. పదో తరగతి హాల్‌టికెట్టుకు ఫోటో కావాలంటే మూడు దినాలు ఏడ్చింది.”

“ఏమంట, ఆయుస్సు తగ్గుతాదనా?”

“అదేం గాదు. ఎవురో ఫోటోలాయప్ప చెప్తానని మాటిచ్చి చెప్పలేదంట. ఏం మాటంటే అది మాత్రం చెప్పదు. ఇప్పుడు చెప్పేదానికి ఊపిరి కూడా లేదులే. కంకర కొట్టి కొట్టి ఆ దుమ్ముకు రొమ్ము చెడిపొయ్యుండాది. ఇంటికి పిలుచుకోని పోండి అనేసినారు డాక్టర్లు.”

గోవిందప్ప ముద్దను అట్లాగే పళ్ళెంలో పెట్టేసి లేచాడు.

నాలుగు రోజులు ఆయన ఒక్క ముఖమూ పూర్తి చేయలేదు. ఐదో రోజు సాయంత్రం టీ వేళ, యార్డు గేటు బయట అంగట్లో హరీష్‌ను కూర్చోబెట్టి మొత్తం చెప్పాడు. పటం, టీ అంగడి, బడి వరండా, తాళంచెవులు. దేన్నీ మెత్తగా చేసి చెప్పలేదు. టీ చల్లారి మీగడ కట్టింది.

“నువ్వు ఇట్లాంటోడివని అనుకోలేదు మామా” అన్నాడు హరీష్.

“ఇట్లాంటోణ్ణే.”

“పన్నెండేండ్లు ఏం చేస్తాంటివి?”

“ముఖాలు గీస్తాంటి.”

“సిగ్గులేదా నీకు?”

“ఉండాది. దాంతో ఎవురికీ ఏం ఒరగలేదు.”

హరీష్ లేచి, అటూ ఇటూ రెండడుగులు వేసి, మళ్ళీ కూర్చున్నాడు. “రేపే యమునకు చెప్పెయ్. ఆ పాపకు తెలియాల. ఇన్నేండ్లు గీత పెట్టుకోని తిరగతాండాది.”

“తల్లిని అడక్కుండా ఒకసారి ఆ బిడ్డను గోడకు నిలబెట్టినా. రెండోసారి ఆ పని చెయ్యను. బిడ్డకు చెప్పాల్నా వద్దా, ఊర్లోకి పొయ్యి చెప్పాల్నా, ఇంగ అక్కర్లేదా, అన్నీ ఆ యమ్మ ఇష్టం. సదుం పొయ్యి నడివీధిలో నిలబడి చెప్పమన్నా చెప్తా. జయచంద్ర ఇప్పుడు నా కాడ లాక్కునేదానికి ఏమీ లేదు. కానీ ముందు ఆ యమ్మను అడగాల.”

“అడుగు మరి. శాంతిపురం ఎంత దూరం? బస్సెక్కితే పోతాం.”

“మూడుసార్లు పొయ్యొచ్చినా ఈ నాలుగు దినాల్లో. ఇల్లు తెలుసు. నీలం తలుపు. ఆ తలుపు కాడికి పోలేకపోయినా. ఊపిరాడని మనిషి. నన్ను ఉన్నపళంగా సూస్తే ఏమైపోతాదో. అది నిజమే. నాకు భయమనేది అంతకన్నా నిజం.”

 

గోవిందప్ప చల్లారిన టీ కింద పారబోసి, గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“ఆదివారం నాతో రాప్పా. యమున సంతకు పోతాది ఆ పూట. ఇంటి కాడికి నువ్వొక్కడివే పో. గోవిందప్ప వచ్చుండాడు, బస్సు దిగిన కాడ నిలబడుండాడు, రమ్మంటావా అని అడుగు. అంతే అడుగు. నా తరపున బతిమలాడొద్దు. ముసలోడైపొయ్యినాడని, ఏడ్చినాడని చెప్పొద్దు. రమ్మంటే వచ్చి నన్ను పిలుచుకోని పో. వద్దంటే గమ్మున తిరిగొచ్చి నాతో బస్సెక్కు. ఆ యమ్మ ఏమనిందో నాకు చెప్పాల్సిన పన్లేదు.”